జిప్పు మీద తాళ్ళు

ఉలోమా నోట్లో ఎప్పుడు చూసినా గుండుసూదులు ఉండేవి. పెదాల మధ్య వరసగా బిగించుకుని ఆ సందుల్లోంచే మాట్లాడేది, పాడేది, తిట్టేది. మా పాప ఆమె ఒళ్ళోకి ఎక్కినప్పుడల్లా ఏ సూది పిల్ల కంట్లో దిగుతుందోనని నా ప్రాణం గిలగిల్లాడేది.

“నీ భయాలే నిన్ను చంపుతాయి గానీ, నా సూది ఇంతవరకూ ఏ పెళ్ళికూతురికీ గుచ్చుకోలేదు తల్లీ,” అనేది. అది నిజమే. మా అబా పట్నంలో ఆమె చేతికి అంత పేరుంది.

మేమందరం అద్దెకున్న ఇంట్లో రెండు వరసల గదులు, మధ్యలో ఒకటే వాకిలి. ఒకరి కూర మాడితే అందరూ దగ్గాల్సిందే. మా తలుపుకి ఎదురు తలుపు ఉలోమాది. పొద్దున్నే మేడమ్ ఫెలిసియా గౌన్ల కొట్టుకి వెళ్ళి, సాయంత్రం ఒళ్ళంతా తెల్ల దారప్పోగులు అంటించుకుని వచ్చేది. పెళ్ళిళ్ళ రోజుల్లో ఆమె జడల్లో పూసలు కూడా దొరికేవి. పాప ఏరుకునేది, ఎక్కడ మింగుతుందోనని నేను లాక్కునేదాన్ని.

ఊళ్ళో సగం మంది పెళ్ళికూతుళ్ళకి వీపు మీద గౌను బిగించింది ఆమే. ముప్ఫై మూడేళ్ళు వచ్చినా ఆమె వీపు మీద మాత్రం ఎవరూ బిగించలేదు. తన గౌను ఎలా ఉండాలో ఆమెకి వేలికొసల్లో ఉండేది. చేతులు మోచేతి దాకా, పలచటి లేసుతో. మనిషి పొట్టి కాబట్టి నడుము అతుకు కాస్త పైకి. మెడ దగ్గర నాలుగు ముత్యాలు, అంతకంటే మెరుపు వద్దు. వెనక తోక పొడుగుండకూడదు. “మన వీధిలో తోక ఈడ్చుకుంటూ నడిస్తే పెళ్ళి ఫొటోల్లో సగం ఎర్రబురదే కనపడుతుంది,” అనేది. పెళ్ళి రోజుకి పాటలు కూడా ఎంచి పెట్టుకుంది. పూలు చల్లే పిల్లగా మా పాపనే అనుకుంది, పాప ఇంకా సరిగ్గా నడవకముందే.

సంబంధాలు రాక కాదు. మొదటివాళ్ళు కల్లు తెచ్చి తలుపు తట్టారు, పద్ధతి ప్రకారం ఆరా తీశారు, మళ్ళీ రాలేదు. రెండోవాళ్ళూ అంతే. ఆరాలో తేలేది ఒక్కటే. వాళ్ళమ్మకి ఉలోమా ఒక్కతే సంతానం. వాళ్ళ పిన్నికి ఆ ఒక్కరూ లేరు. “ఆ ఇంటి ఆడవాళ్ళ కడుపులు చల్లారిన పొయ్యిలు,” అని వాళ్ళ ఊళ్ళో ఎవరో అన్నారట. ఆ మాట ఉలోమా కంటే ముందు పెళ్ళివారింటికి చేరేది.

అలాంటప్పుడు ఒకెజీ దొరికాడు. అరియారియా మార్కెట్లో చెప్పుల అడుగులు కోసే మనిషి. ఒంటి నిండా జిగురు వాసన, మాట మాత్రం మెత్తన. ఇద్దరిదీ ఒకటే చర్చి, ఒకటే పాటల గుంపు. ఐదుగురు ఆడపిల్లల తరవాత పుట్టిన ఏకైక మగపిల్లాడు అతను. ఆ ఐదుగుర్ని కన్నన్నాళ్ళూ అత్తింట్లో పడ్డ మాటల్లో ఒక్కటి కూడా వాళ్ళమ్మ మర్చిపోలేదు. కొడుకు పుట్టాక ఆమె అందరికీ ‘ఒకెజీ వాళ్ళమ్మ’ అయిపోయింది. ఎవరైనా సొంతపేరుతో పిలిస్తే పలకదు.

ఆమె పల్లె నుంచి దిగి, మా వాకిట్లో బల్ల మీద కూర్చుని, ఉలోమాని పైనుంచి కిందికి చూసి, మనసులో మాట దాచుకోకుండా చెప్పింది.

“పిల్ల మంచిదే. చేతిలో పనుంది, నోట్లో దేవుడున్నాడు. కానీ నాకున్నది ఒక్క కొడుకు. కళ్ళు మూసుకుని నూతిలో దూకను. ముందు నీళ్ళోసుకోనీ. ఆ చల్లటి కబురు చెవిన పడ్డాక నేనే దగ్గరుండి తెల్ల గౌను తొడుగుతా.”

“అమ్మా, మేం చర్చివాళ్ళం,” అన్నాడు ఒకెజీ.

“నేను చర్చి కాదా? మా పల్లె చర్చికి మీ తాత ఇటుకలు మోశాడు. దేవుడు నాకు మనవడు వద్దన్నాడా?”

అక్కడే వచ్చింది చిక్కు. పల్లె చర్చి సంగతి వేరు. ఉలోమా వాళ్ళ చర్చిలో పెళ్ళికి ముందు అమ్మాయికి కడుపు లేదని పరీక్ష చెయ్యాలి. ఉందని తేలితే తెల్ల గౌను లేదు, మందిరంలో పెళ్ళి లేదు, వెనక బెంచీ మీద ఏడాది కూర్చోవాలి. ఉందంటేనే పెళ్ళి అనే అత్త ఒక పక్క, లేదంటేనే పెళ్ళి అనే చర్చి ఇంకో పక్క. పల్లెటూరి ముసలమ్మకి ఈ పరీక్ష సంగతి తెలియదు. తెలియకుండా ఉంచితే చాలనుకున్నాడు ఒకెజీ.

“నువ్వేం చెప్పక్కర్లేదు,” అన్నాడు ఉలోమాతో. “అమ్మకి నేను చెప్తా. నువ్వు కాదనకు, అంతే.”

“లేని బిడ్డని మొయ్యమంటావా?”

“పెళ్ళయిన నెలకే ఉంటుంది కదా. నెలా రెండు నెలలు అటూ ఇటూ ఎవరు చూడొచ్చారు?”

ఆ సాయంత్రం ఆమె మా గుమ్మంలో కూర్చుని నన్నడిగింది, “పిల్లలు పదో నెల దాటాక పుడతారా?”

“ఒక్కోసారి కొంచెం ఆలస్యం అవుతుంది.”

“పదకొండో నెలలో?”

నేను పాపకి కర్రపెండలం పిండి ముద్ద కలపడంలో పడిపోయాను. మర్నాడు ఒకెజీ వాళ్ళమ్మ మా వాకిట్లోకి పాట పాడుకుంటూ, నడుము తిప్పుకుంటూ వచ్చింది. కబురు అందిందన్నమాట. వానలు ముదరకముందే పెళ్ళని, అంతవరకూ ఎవరికీ చెప్పనని, కొడుకు దగ్గర ఒట్టేసింది.

ఇక గౌను.

మా ఊళ్ళో గుడ్డ మగపెళ్ళివారిది, కుట్టు పెళ్ళికూతురి ఇష్టం. కానీ ఆ చర్చిలో గౌను ముందు, ఆడవాళ్ళ మీద పెత్తనం చేసే డీకనమ్మ యూనిస్ కళ్ళ కింద నుంచి పోవాలి. ఆవిడ కొట్టుకి వచ్చి కుర్చీలో సర్దుకుని ఉలోమాకి తెలిసినవే మళ్ళీ చెప్పింది. భుజం కనపడకూడదు, రొమ్ము గీత కనపడకూడదు.

“అన్నిటికంటే ముఖ్యం, వీపు మీద తాళ్ళు వద్దు. తాళ్ళ గౌను అబద్ధాలాడుతుంది. వదులు చేసుకుంటూ పోతే ఆరో నెల కూడా అందులో దాక్కుంటుంది. జిప్పుకి ఆ తెలివి లేదు. పడితే పడుతుంది, లేకపోతే పిగులుతుంది.”

“నాకు జిప్పే ఇష్టం అమ్మగారూ.”

“ఇష్టం కాదమ్మా, సాక్ష్యం. మొన్న ఆ సన్నపిల్ల తాళ్ళ గౌనులో వచ్చింది చూడు, గుమ్మంలోనే ఆపి పాటల గుంపు అంగీ తొడిగించాను. పొడుగువాళ్ళ అంగీ, కాళ్ళకడ్డం పడి రెండుసార్లు తూలింది. ఫొటోలన్నిటిలో అదే అంగీ. అయినా తప్పలేదు.” చెప్పి తృప్తిగా నీళ్ళు తాగింది. ఆ సన్నపిల్లకి కడుపు లేదని తరవాత తెలిసింది. డీకనమ్మ ఆ ముక్క ఎప్పుడూ చెప్పదు.

రెండు రోజులకి ఒకెజీ వాళ్ళమ్మ గుడ్డ మూట నెత్తిన పెట్టుకుని దిగింది. గోడకి వేలాడే గౌన్లన్నీ ఒక్కొక్కటే పట్టి చూసి, పెదవి విరిచింది.

“ఇదేంటి, దోమతెరా? ఇదేంటి, తోక లేదు? నా కొడుకు పెళ్ళాం ఈకలు పీకిన కోడిలా నడవాలా?”

“అత్తమ్మా, వీధంతా బురద కదా.”

“బురదైతే ఎత్తి పట్టుకోడానికి నా కూతుళ్ళు ఐదుగురున్నారు. అంతకంటే వాళ్ళకేం పనుంది?” అంటూ ఉలోమా గీసుకున్న గౌను బొమ్మ దగ్గరికి వచ్చి ఆగింది. “వీపు మీద ఇదేంటి? జిప్పా? నీకు బుద్ధుందా పిల్లా?”

మేడమ్ ఫెలిసియా కల్పించుకుంది. “సన్న నడుముకి జిప్పే అందమండీ.”

“సన్న నడుము ఎవడిక్కావాలి? నడుము సన్నంగా ఉందంటే లోపల ఏం లేదని.” ముసలమ్మ గొంతు తగ్గించి కన్ను గీటింది. “పెళ్ళి రోజుకి ఇది ఇలాగే ఉంటుందా చెప్పు! జిప్పు బిగిస్తే లోపలున్నవాడు ఊపిరెలా పీల్చుకుంటాడు? తాళ్ళు పెట్టు. తాళ్ళు లేకపోతే గుడ్డ తీసుకుని పోతా.”

ఆమె వెళ్ళాక ఉలోమా నోట్లో సూదులు తీసేసి ఆ గుడ్డని బల్ల మీద పరిచింది. తరవాత సూదులు మళ్ళీ నోట్లో పెట్టుకుంది. ఆమెకి ఏదైనా ఉపాయం తోచిందంటే అదే గుర్తు. గౌనుకి వెనక జిప్పే కుట్టింది, మెడ దగ్గర్నుంచి నడుము కిందికి. జిప్పుకి రెండు వైపులా గుడ్డలో కన్నాలు చేసి, అంచులు దారంతో చుట్టి, పట్టు తాడు ఎదురెదురుగా దూర్చి చివర కుచ్చులు వేలాడేసింది. ఆ తాళ్ళు దేన్నీ బిగించవు, దేన్నీ వదలవు. డీకనమ్మ ముందు తాళ్ళు తీసేసి జిప్పు చూపించవచ్చు. అత్తగారి ముందు తాళ్ళు కప్పవచ్చు.

ఫెలిసియా అటూ ఇటూ తిప్పి చూసింది. “గౌను కుడుతున్నావా, ఇద్దరత్తలతో కాపురం చేస్తున్నావా?”

“ఒక్క రోజే కదా మేడమ్.”

“ఆ ఒక్క రోజు రావాలి కదే.”

పెళ్ళి పనులు పేరుకి ఉలోమావి. చేసేదంతా ఒకెజీ వాళ్ళమ్మే. కొడుకు గదిలో మకాం పెట్టి రోజూ మా వాకిట్లోకి వచ్చేది. ఆడవాళ్ళందరూ కట్టే ఒకే రంగు గుడ్డ ఉలోమా ఆకుపచ్చ అంటే ఆమె ఊదా అంది, ఊదాయే ఖాయమైంది. కేకు మూడంతస్తులు చాలంటే ఐదంది, ఐదుగురు కూతుళ్ళూ తలా అంతస్తు కొయ్యాలట. పాటల్లో రెండు తీసేసింది, ఏడుపుగొట్టువని. ఉలోమా దేనికీ ఎదురు చెప్పలేదు. గౌనొక్కటి తనది, మిగతా రోజంతా వాళ్ళది అన్నట్టు ఉండేది.

ఆమెని లొంగదీసింది ఆ ముసలమ్మ పెత్తనం కాదు, ప్రేమ. అది చూడ్డం కష్టంగా ఉండేది. ఉలోమాని నీళ్ళ బిందె ఎత్తనిచ్చేది కాదు. తనే మోసుకొచ్చేది, మోకాళ్ళు పట్టేసినా సరే. ఎండుచేప వేసిన ఆకుకూర పులుసు కుండ నిండా వండి తెచ్చేది. ఉలోమాకి నత్తలంటే ప్రాణం. ఒకరోజు మా ఇంట్లో నత్తల కూర తింటూ దొరికిపోయింది. ముసలమ్మ ఆ ముక్క పళ్ళెంలోంచి కాదు, నోట్లోంచి లాగేసింది.

“నత్త తింటే పుట్టేవాడు చొల్లు కారుస్తూ తిరుగుతాడు! ఈ ఇంట్లో చదువుకున్నదున్నా చెప్పలేదా?” అని నావైపు ఒక చూపు చూసింది.

సాయంత్రం ఉలోమాని చాప మీద పడుకోబెట్టి పొట్టకి పామాయిలు రాసేది. “ఇదిగో, ఇక్కడున్నాడు. గట్టిగా ఉంది చూడు. వాళ్ళ తాత కూడా ఇలాగే కుడిపక్కన ఉండేవాడట.” ఉలోమా కళ్ళు మూసుకుని పడుకునేది. ఆ నెల ఆమె ముట్టుగుడ్డలు మా గదిలో మంచం వెనక ఆరేశాను. వాకిట్లో తీగ మీద ఆరేస్తే ముసలమ్మ కంట పడతాయి. నాకు అసలు సంగతి తెలిసింది కూడా అప్పుడే. కడుపునొప్పితో మెలికలు తిరుగుతూ మా మంచం మీద పడుకుని, “నా కోసం ఎవరూ ఎప్పుడూ నీళ్ళు మొయ్యలేదే,” అని నవ్వింది. “ఆమెని చూస్తే నాకే నమ్మాలనిపిస్తోంది.”

“చెప్పెయ్యి,” అన్నాను. “ఒకెజీ చేత చెప్పించు.”

“చెప్తే గౌను ఎవరు తొడుక్కుంటారు? నువ్వా?”

చర్చి పరీక్ష అయింది. కడుపు లేదని నర్సు చెప్పింది. గౌను చూడ్డం కూడా అయింది. ఉలోమా తాళ్ళు ముందే తీసి సంచిలో దాచింది. డీకనమ్మ జిప్పు పైకీ కిందికీ లాగి, లోపల చెయ్యి దూర్చి, ఆ వరస కన్నాలేంటని అడిగింది. అలంకారం అంది ఉలోమా. ప్రకటనలు మొదలయ్యాయి. మొదటి ఆదివారం, రెండో ఆదివారం, పాస్టరు ఇద్దరి పేర్లూ చదివి, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండన్నాడు. ఎవరూ లేవలేదు. మూడోది కూడా అయితే ఆ వారాంతం పల్లెలో పెద్దల ముందు కల్లు మోసే తంతు, మర్నాడు చర్చిలో పెళ్ళి.

ఒకెజీ వాళ్ళమ్మ ఒట్టు నిలబెట్టుకోవాలనే చూసింది పాపం. కానీ ఊదా గుడ్డ కొట్లో కొట్టువాడు, “ఈ వయసు పెళ్ళికూతురికి పిల్లలు పుడతారంటావా?” అని ఎకసెక్కం ఆడాడు. ఆమెకి ఒళ్ళు మండింది.

“నీ కొట్టు తలుపులు మూసుకో! నా కొడుకు విత్తనం అప్పుడే మొలకెత్తింది. పెళ్ళి రోజుకి దరువేస్తాడు చూడు లోపల్నుంచి!”

పక్కనే గుడ్డ కొలిపించుకుంటున్నది పాటల గుంపులో మనిషి. ఆ మధ్యాహ్నానికే డీకనమ్మ యూనిస్ ఫెలిసియా కొట్టులోకి దూసుకొచ్చింది. పాప పూలు చల్లే గౌను కొలతకని నేనూ ఆ వేళ అక్కడే ఉన్నాను.

“నీ కడుపు గురించి బజారు మాట్లాడుతోంది ఉలోమా.”

ఉలోమా నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చింది. “ఏం లేదమ్మగారూ.”

“లేదని నువ్వన్నావు, నర్సు అంది. ఉందని మీ అత్తే అందట. ఎవరిది అబద్ధం?”

ఆ ప్రశ్నకి జవాబిస్తే అక్కడితో పెళ్ళి చెడిపోతుంది. “ఆమె ఆశ కొద్దీ అనుంటుంది,” అంది ఉలోమా.

మళ్ళీ పరీక్ష పెట్టారు. ఈసారి డీకనమ్మ నర్సుని నమ్మలేదు. మరుగుదొడ్డి తలుపు తెరిపించి, ఎదురుగా నిలబడి, గిన్నె తన చేత్తోనే అందుకుంది. లేదని తేలింది. ఆవిడ ఉలోమాని కావలించుకుని బావురుమంది.

“పాపిష్టిదాన్ని, నిన్ను అనుమానించాను! నీ పేరు నేనే కడుగుతా. ఆదివారం అందరి ముందూ పాస్టరుగారి చేత చెప్పిస్తా.”

“వద్దమ్మా. దేవుడికి తెలుసు, చాలు.”

“దేవుడికి తెలుసు. సంఘానికి తెలియొద్దూ?”

“నాకు సిగ్గమ్మా. మీ కాళ్ళు పట్టుకుంటా.”

“ఆ సిగ్గే నీ అందం,” అని డీకనమ్మ కళ్ళు తుడుచుకుని, ఇంకా పట్టుదలగా వెళ్ళిపోయింది.

ఉలోమా ఆటో ఎక్కి నేరుగా మార్కెట్‌కి పరిగెత్తింది. “మీ అమ్మని ఈ ఆదివారం రానివ్వకు. పల్లెకి పంపు, ఒంట్లో బాలేదను, ఏదో ఒకటి చెప్పు. లేదా నిజం చెప్పు ఒకెజీ, నువ్వు చెప్పిన మాట నువ్వే వెనక్కి తీసుకో.”

“చెప్తా. తప్పకుండా చెప్తా,” అన్నాడట. చెప్పే ఉండేవాడేమో, ముసలమ్మ ఆ ఆదివారం కోసం కొత్త తలగుడ్డ కొని, గంజి పెట్టి, గుడారంలా నిలబెట్టి అద్దంలో చూసుకుంటూ ఉండకపోతే.

ఆదివారం ఆమె ముందు వరసలో కూర్చుంది, ఇద్దరు కూతుళ్ళతో. నేను పాపని ఒళ్ళో పెట్టుకుని వెనక తలుపు దగ్గరున్నాను. పాస్టరు మూడో ప్రకటన చదివాడు. చదివి, కళ్ళద్దాలు తీశాడు.

“సహోదరి ఉలోమా, లేచి నిలబడమ్మా.”

ఆమె లేచింది. వెనక నుంచి నాకు మెడ మాత్రమే కనపడుతోంది.

“ఈ బిడ్డ మీద బజారులో చెడ్డ మాట తిరిగింది. ఒకసారి కాదు, రెండుసార్లు పరీక్ష చేశాం. ఈ బిడ్డ గర్భం ఖాళీగా ఉంది, పవిత్రంగా ఉంది! అబద్ధికుల నోళ్ళు మూతపడుగాక!”

“ఆమెన్!” అని హాలంతా లేచింది. డప్పులు మోగాయి. ఆడవాళ్ళు ఆనందంతో కేకలు పెడుతూ, చేతిగుడ్డలు ఊపుతూ ఉలోమా చుట్టూ తిరిగారు. డీకనమ్మ అందరికంటే ముందు గెంతింది. ఇంత గౌరవం ఆ చర్చిలో ఏ పెళ్ళికూతురికీ దక్కలేదు. ఆ సందడిలో ఆ గుడారంలాంటి తలగుడ్డ ఒక్కటే కదల్లేదు.

బయట మామిడిచెట్టు కింద ఆమె ఉలోమాకి ఎదురొచ్చింది. అరవలేదు. దగ్గరికొచ్చి, జనం చూస్తుండగానే, రోజూ నూనె రాసిన చోట అరచెయ్యి ఆనించింది.

“ఏడీ?” అంది. “నా మనవడేడీ?”

“అత్తమ్మా...”

“నీళ్ళు మోశాను. నా మోకాళ్ళతో మోశాను. ఎవరి కోసం మోశాను పిల్లా? నీ తిండి అరగడానికా?” చెయ్యి తీసి తలగుడ్డకి తుడుచుకుంది. “చల్లారిన పొయ్యిలంటే నమ్మలేదు. మంట లేకపోయినా పొగ పుట్టించే ఇల్లని ఎవరూ చెప్పలేదు నాకు.”

ఉలోమా ఒకెజీ వైపు చూసింది. అందరూ చూశారు. అతను కొత్త చెప్పులు తొడుక్కుని ఉన్నాడు, తను కోసినవే. వాటినే చూసుకుంటూ, “తనే చెప్పింది నాతో. నేనూ నమ్మానమ్మా,” అన్నాడు.

ఆ రోజు ఆమె నోట్లో సూదులు లేవు. అయినా ఒక్క మాట రాలేదు. ఆ అబద్ధం అతనే చెప్పాడంటే ఎవరు నమ్ముతారని ఊరుకుందో, అతని ముఖం చూసి ఇంక చెప్పేదేముందనుకుందో, నన్నడిగితే నాకూ తెలీదు. నేను తరవాత అడిగినప్పుడు, “పాప ముక్కు కారుతోంది చూసుకో,” అంది.

డీకనమ్మకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ఆవిడ ముఖం చూడాలి. “అంటే, లేని కడుపు చూపించి పెళ్ళి కొట్టెయ్యాలనుకున్నావా? నీ కోసం నేను గెంతానే!”

పెళ్ళి ఆగిపోయింది. కడుపు లేనందుకు అత్త వదిలేసింది. ఉందన్నందుకు చర్చి వెనక బెంచీ వేసింది, ఏడాది, పాటల గుంపులోంచి తీసేసి. ఒకెజీకి బెంచీ లేదు. అతను మోసపోయినవాడు కదా. పరీక్ష అబద్ధం చెప్పలేదు. ఆ ఆదివారం అక్కడ నోరు తెరిచినవాళ్ళలో నిజం చెప్పింది పాస్టరు ఒక్కడే, అది కూడా పరీక్ష పుణ్యాన.

ఉలోమా వాళ్ళమ్మ పల్లె నుంచి వచ్చి కొన్నాళ్ళుంది. కూతురు కొట్టుకి వెళ్ళగానే తలుపు గడియ పెట్టుకునేది. గౌను మగపెళ్ళివారి గుడ్డ కాబట్టి ఒకెజీ అక్క వచ్చి అడిగి పట్టుకెళ్ళింది. ఉలోమాయే ఇస్త్రీ చేసి, మడత నలగకుండా పాత దుప్పటిలో చుట్టి ఇచ్చింది. తాళ్ళు సంచిలో ఉండిపోయాయని, వెనక్కి పిలిచి మరీ ఇచ్చింది.

వానలు వెళ్ళి, పొడిగాలి మొదలై, పెదాలు పగిలే రోజులొచ్చాయి. పాప పూలు చల్లే గౌను బీరువాలో పొట్టయిపోతోంది. క్రిస్మస్‌కైనా తొడుగుదామని అంచు దింపించడానికి కొట్టుకి తీసుకెళ్ళాను. ఉలోమా నేల మీద కూర్చుని పాప మోకాళ్ళ దగ్గర సూదులు గుచ్చుతుంటే, నేను ఎప్పటిలాగే ఊపిరి బిగబట్టుకుని చూస్తున్నాను. అప్పుడు గుమ్మంలో నీడ పడింది.

ఒకెజీ వాళ్ళమ్మ. చంకలో అదే పాత దుప్పటి మూట. వెనక ఇరవై ఏళ్ళు కూడా నిండని పిల్ల, చేతిలో వేరుశనగ పొట్లం, పొట్ట ముందుకొచ్చి గుండ్రంగా ఉంది.

మేడమ్ ఫెలిసియా లేచింది. “అమ్మా, ఊళ్ళో ఇంకో గౌన్ల కొట్టే లేదా?”

“ఉన్నాయి. కానీ కత్తిరించిన చెయ్యే విప్పితే బాగుంటుందన్నారు అందరూ. పరాయివాళ్ళ చేతిలో పెడితే గుడ్డ పాడవుతుంది. ఖరీదైన గుడ్డ,” అంది ముసలమ్మ. గొంతులో కోపం లేదు. దానికే భయమేసింది నాకు. “పల్లె చర్చిలో మావాడి పెళ్ళి. అక్కడ ఈ పరీక్షల గోల లేదు.”

ఫెలిసియా ఉలోమా వైపు చూసింది. “నువ్వు ఇంటికెళ్ళు. నేను చేస్తా.”

“మీకు కళ్ళు సరిగ్గా కనపడవు మేడమ్, లోపలి గుడ్డ కోసేస్తారు,” అంది ఉలోమా. మూట విప్పింది. గౌను ఇంకా తెల్లగానే ఉంది. బ్లేడుతో జిప్పు కుట్లు ఒక్కొక్కటే తెంపింది. పైనుంచి కిందికి, తొందర లేకుండా. జిప్పు మొత్తం ఊడి చేతిలోకొచ్చింది. తరవాత ఆ పిల్లకి గౌను తొడిగి, వీపు వైపు నిలబడి, అప్పుడు చేసిన కన్నాల్లోంచి అప్పటి తాడే దూర్చడం మొదలుపెట్టింది. ఇప్పుడవి నిజంగా బిగిసే తాళ్ళు. పొట్ట దగ్గర వదులు వదిలింది. నడుము అతుకు పైకి ఉంది కాబట్టి పొట్ట దాని కింద హాయిగా ఇమిడింది. కొలిచి కుట్టినట్టు.

“చూశావా?” అంది ఒకెజీ వాళ్ళమ్మ, ఎవరితోనో మరి. “మొదట్నించీ నేను తాళ్ళే పెట్టమన్నాను.”

ఆ పిల్లకి ఏమీ తెలియదు. ఆమెకెవరూ చెప్పలేదు. అద్దంలో తనని తాను చూసుకుని మురిసిపోతూ, వెనక నిలబడ్డ మనిషిని పలకరించింది.

“ఎంత బాగా కుట్టావక్కా! నీ పెళ్ళి గౌను కూడా నువ్వే కుట్టుకున్నావా?”

ఉలోమా నోట్లో సూదులున్నాయి. “ఆఁ,” అంది. “నేనే కుట్టుకున్నా.”

“ఇలాగే ఉండేదా?”

“ఇలాగే. దానికి జిప్పుండేది.”

మెడ దగ్గర ఒక సూది పెట్టింది. ఆ పిల్ల కదల్లేదు. ఆ సూది కూడా గుచ్చుకోలేదు.